సీలు వేసిన కమాన్

మా సంస్థలోకి నాణ్యత ఒక సోమవారం ఉదయం కాఫీ వేళకు ప్రవేశించింది. అంతకుముందు లేదని కాదు. ఉండేది, కానీ ఆఫీసు గోడ గడియారంలాగా దాని వైపు ఎవరూ చూసేవారు కాదు.

మాది బాలపౌష్టిక పంపిణీ సంస్థ, గంగాడపేట డివిజన్. కొండమీది బడులకు వారం వారం కోడిగుడ్లు చేర్చడం మా పని. నేను స్టోరు గుమాస్తాని, పేరు దాలినాయుడు. గుడ్ల అట్టలు, ఫినాయిల్ సీసాలు, చీపుళ్లు, ఒక పాత పికప్ బండి నా అధీనంలో ఉంటాయి. మా పై అధికారి శ్రీ విరూపాక్షరావు గారు. ఆయన ఏదో చల్లని ఊరికి నాణ్యత మీద శిక్షణకు వెళ్లి, అక్కడ ఇచ్చిన తోలుసంచీ, భూతద్దం పట్టుకుని ఆ సోమవారమే తిరిగొచ్చారు. రాగానే మమ్మల్నందరినీ హాల్లో నిలబెట్టారు.

"నాణ్యత విషయంలో రాజీ అనే ప్రసక్తి ఉత్పన్నం కాదు. ఉత్పన్నమైనచో తగు చర్య తీసుకొనబడును" అన్నారు.

అందరం చప్పట్లు కొట్టాం. కాఫీ చల్లారిపోతోంది మరి.

ఆయన ఆవేశానికి కారణం లేకపోలేదు. కిందటేడు చీపుళ్లు కొన్నప్పుడు కాంట్రాక్టరు చూపించిన చీపురు గుబురుగా ఉంది. తరవాత సరఫరా చేసిన చీపుళ్లలో నా నెత్తిమీద వెంట్రుకలున్నన్ని పుల్లలే ఉన్నాయి. అందుకని ఆయన ఒక నియమం తెచ్చారు. ఇకమీదట సంస్థ ఏ వస్తువు కొన్నా, ముందుగా ఒక నమూనా తీసి తెల్లబట్టలో చుట్టి లక్కతో సీలు వేయాలి. వచ్చిన సరుకు ఆ నమూనాతో రూపంలో, రంగులో, కొలతలో, లక్షణంలో సంపూర్ణంగా సరిపోలాలి. సరిపోలకపోతే తిరస్కరించాలి. చీపుళ్ల మటుకు ఇంతకంటే మంచి నియమం ఉండదు. చిక్కల్లా ఏమిటంటే లోకంలో చీపుళ్లు కాని వస్తువులు కూడా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే చీడివలస కొండకెక్కే ఘాటీలో మా పికప్ కమాన్ విరిగింది.

మా పికప్ వయసు అడగడం మర్యాద కాదు. దాన్ని తయారుచేసిన కంపెనీయే ఆ మోడల్‌ను మరిచిపోయి చాలాకాలమైంది. ఇక కమాన్ అంటే, తెలియనివారి కోసం చెబుతున్నాను, బండికీ చక్రాల ఇరుసుకీ మధ్య వంపు తిరిగి ఉండే ఉక్కు పట్టీల కట్ట. రోడ్డు మీద గొయ్యి వస్తే ఆ దెబ్బ తాను తిని, పైనున్న సరుకుకు తగలనివ్వదు. మా ఆఫీసులో ఆ పని చేసేది నేను. బండిలో చేసేది కమాన్. ఎడమ వెనక చక్రం మీది కమాన్‌లో పెద్దపట్టీ నడిమికి విరిగి, బండి ఒక పక్కకు కూలబడింది. గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. డ్రైవరు పైడిరాజు చక్రం మీద చెక్కదిమ్మ కట్టి, ఎలాగో బండిని కొండమీద చీడివలస బడికి చేర్చాడు.

సాయంత్రం ఆ బడిలో వంటచేసే సన్యాసమ్మ ఫోన్ చేసింది.

"బాబూ, గుడ్లొచ్చినాయి. బకీట్లోకి ఒంపుకున్నాను."

"పోనీ అట్లేసి పెట్టకపోయావా సన్యాసమ్మా?"

"పెడుదును. ఉడకబెట్టిన గుడ్డే పెట్టాలని మీరే కదా బాబూ గోడకి కాయితం అంటించినారు. అట్టేస్తే గుడ్డు పెట్టనట్టేనంట. మా మేస్టారికి బయం." తరవాత అసలు సంగతి చెప్పింది. "గుడ్డు రోజున మా బడి నిండిపోద్ది. అవతల కొండ మీంచి కూడా నడిసొస్తారు పిల్లలు. ఈయేళ ఒట్టి చారన్నం ఎట్టి అంపీసినాను. ఒక్కలూ ఏటీ అన్నేదు. అనుంటే బాగుణ్ణు."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే పైడిరాజును వెంటబెట్టుకుని కమాన్ కోసం విశాఖ ఆటోనగర్‌కు బయల్దేరాను. బయల్దేరేముందు నియమం ప్రకారం నమూనా తీయాలి కదా. బండిలో ఉన్నదే నమూనా అని విరూపాక్షరావు గారు నిర్ణయించారు. విరిగిన కమాన్‌ను విప్పించి, తెల్లబట్ట చుట్టి, నాలుగు మూలలా లక్క కరిగించి పోసి, సంస్థ ముద్ర స్వయంగా గుద్దారు. అప్పుడు అందులో విపరీతమేమీ నాకు తోచలేదు. లక్క వాసనకు బుర్ర మందగిస్తుందేమో.

పాత బండికి మంచి కమాన్ వెతకడం పెళ్లిసంబంధం వెతకడం లాంటిదే. ప్రతివాడూ తనదే ఉత్తమం అంటాడు. మొదటి కొట్టువాడు నిగనిగలాడే కట్ట తెచ్చి ముందు పెట్టాడు.

"ఒరిజినలేనా?" అన్నాను.

"ఒరిజినల్ లాంటి ఒరిజినల్ సార్."

పైడిరాజు గోరుతో గీకాడు. రంగు పొరలాగా లేచి, కింద పాత తుప్పు కనబడింది. రెండో కొట్లో పట్టీలు ఒక కొస లావుగా, ఒక కొస పల్చగా ఉన్నాయి. అదేమిటని అడిగితే, "లావు కొస ముందుకి పెట్టుకోండి" అన్నాడు. మూడోవాడు బండి పేరు వినగానే, "అది ఇంకా ఉందా?" అని లోపలున్న వాళ్లావిణ్ణి కూడా పిలిచి ఆశ్చర్యపోయాడు. మధ్యాహ్నానికి మా చొక్కాలు జిడ్డు, మొహాలు జిడ్డు. చివరికి ఎవరో బాజీ గారి కొట్టుకు వెళ్లమన్నారు.

బాజీ గారు మా గోడంతా విన్నారు. కమాన్ సంగతి కంటే గుడ్ల సంగతి రెండుసార్లు అడిగారు. తరవాత అటక మీంచి గ్రీజు పూసిన గోనెపట్టాలో చుట్టిన జత ఒకటి దించారు. ఆ మోడల్ బళ్లు తిరిగే కాలంలో తెప్పించి దాచిందట. పట్టీ మీద సుత్తితో కొడితే గుడిగంటలాగా మోగింది.

"ఇలా మోగాలి సార్. మోగనిదాన్ని ఘాటీ ఎక్కించకండి. ఇంకో మాట, కమాన్ ఎప్పుడూ రెండు పక్కలా కలిపి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే బండి కుంటుతుంది. తీసికెళ్లి మీవాళ్లకి చూపించండి. నచ్చాకే బిల్లు."

పైడిరాజు ఆ జతను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్సెక్కాడు. కండక్టరు వద్దన్నాడు గాని, పైడిరాజు మొహం చూసి ఊరుకున్నాడు.

కొత్తగా వేసిన నాణ్యతా పరిరక్షణ సంఘం మర్నాడు సమావేశమైంది. విరూపాక్షరావు గారు అధ్యక్షులు. పక్కన సాంకేతిక సభ్యుడు ఒకరున్నారు. ఆయనకు ఇంట్లో స్కూటరు ఉన్న కారణంగా ఆ పదవి దక్కింది. బల్ల మీద ఒక పక్క నమూనా, ఒక పక్క బాజీ గారి జత. అధ్యక్షులు భూతద్దం తీశారు.

"నమూనా ఎట్లున్నది?"

"చదునుగా ఉన్నది సార్" అన్నారు సాంకేతిక సభ్యుడు.

"సరఫరా చేయబడిన వస్తువు?"

"వంపుగా ఉన్నది సార్."

అధ్యక్షులు నా వైపు తిరిగారు. "ఈ వంపునకు కారణమేమి?"

"కమాన్ అంటేనే వంపు కదా సార్."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయము. రంగు?"

"నమూనా తుప్పు రంగు. ఇది నలుపు సార్."

"సంఖ్య?"

"నమూనాలో పెద్దపట్టీ రెండు ముక్కలుగా ఉన్నది సార్. ఇందులో ఒకే ముక్క ఇచ్చారు."

అధ్యక్షులు భూతద్దం కింద పెట్టి దీర్ఘంగా నిట్టూర్చారు. "చూచితిరా? చీపుళ్లలో పుల్లలు తగ్గించిరి. కమాన్‌లో ముక్కలు తగ్గించుచున్నారు."

నాకు ఓపిక నశించింది. "సార్, అది విరిగిపోయింది. విరిగిందనే కదా కొత్తది కొంటున్నాం."

"దాలినాయుడు గారూ, నమూనాను విమర్శించు అధికారము ఎవరికినీ లేదు. నమూనాయందు దోషముండదు. ఉన్నచో దానికి సీలు ఎట్లు పడును?"

"పోనీ, ఈ మంచిదాన్నే నమూనాగా పెట్టుకుందాం సార్."

"సంతోషము. దీనిని ఏ నమూనాతో సరిచూచి ఆమోదింతుము?"

బాజీ గారి కమాన్ల మీద ఎర్రరంగుతో పెద్ద గుణకారం గుర్తు వేసి స్టోరు మూలన పడేశారు.

పైడిరాజు విరిగిన కమాన్ చోట చెక్కదిమ్మ కట్టుకునే బండి నడుపుతున్నాడు. చెక్కకు వంగడం తెలియదు. ప్రతి గొయ్యీ నేరుగా గుడ్డుకే తగులుతోంది. నేను మళ్లీ ఆటోనగర్ వెళ్లాను. నేను చెప్పింది విని బాజీ గారు ముందు నవ్వారు, నేను నవ్వకపోయేసరికి ఆపారు. పాత ఇనుప సామాన్ల గుట్టలోంచి తుప్పుపట్టి, చదునై, రెండు ముక్కలైన కమాన్ ఒకటి లాగి ఇచ్చారు.

దాన్ని చూడగానే సంఘం ముఖాలు వికసించాయి.

"ఇదీ నాణ్యత యనగా" అన్నారు అధ్యక్షులు. "తుప్పు చూడుడు, ఎంత సహజముగా నున్నదో. సరఫరాదారుడు మన ప్రమాణములను అర్థము చేసికొనుచున్నాడు."

నాకు ఊపిరి ఆడింది. ఇది ఆమోదిస్తే, ఆ కాగితం పట్టుకుని ఏదో ఒకటి చేయవచ్చు. అంతలో సాంకేతిక సభ్యుడు టేపు తీశారు. నమూనాలో విరిగిన చోటు మధ్య నుంచి కాస్త ఎడమకు ఉంది. ఇందులో కుడికి ఉంది.

"తిప్పి పెడితే ఎడమకే వస్తుంది కదా సార్" అన్నాను.

"తిప్పినచో బోల్టు రంధ్రము తారుమారగును" అన్నారు సాంకేతిక సభ్యుడు. ఆయన జీవితంలో సరిగ్గా చెప్పిన సాంకేతిక విషయం అదొక్కటే. అది ఆ రోజే చెప్పాలా?

తిరస్కరించారు. అయితే ఈసారి ఎంతో ఆప్యాయంగా తిరస్కరించారు. సరఫరాదారుడు గమ్యమునకు చేరువలో నున్నాడనియు, సరియైన చోట విరిచి సమర్పించవలసినదనియు సూచించారు. ఆ సూచన నేను బాజీ గారికి ఫోన్‌లో చదివి వినిపించాను.

"సార్, నేను కమాన్లు అమ్మి పిల్లల్ని పెంచాను. మంచి పట్టీని కావాలని విరగ్గొట్టడానికి నాకు చేతులు రావు. ఆ జత మీ దగ్గరే ఉంచండి. కొండమీద పిల్లలు గుడ్డు తిన్న రోజున బిల్లు పంపిస్తాను."

ఈలోగా చీడివలస మేష్టారు ధైర్యం చేసి ఫిర్యాదు రాశారు. గుడ్లన్నీ పగిలి వస్తున్నాయని. విరూపాక్షరావు గారు ఆ ఫిర్యాదును ఎంతో లోతుగా పరిశీలించి, లోపం బండిలో కాదని, గుడ్లలోనే నాణ్యత లేదని తేల్చారు. వెంటనే నియమాన్ని గుడ్లకు కూడా వర్తింపజేశారు. గుడ్డు నమూనా ఎక్కడ తీయాలి? బయల్దేరిన చోట తీస్తే దారిలో కాంట్రాక్టరు మార్చేయవచ్చు. కనుక చేరిన చోట, అంటే బడి దగ్గరే తీయాలి. సరిచూడడం కూడా అక్కడే జరగాలి. నాకు లక్క, ముద్ర, మూతబిగువున్న స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చి పంపారు.

ఆ రోజు బండిలో పగలని గుడ్డు ఒక్కటీ లేదు. చేతికందినవాటిలో కాస్త పరువుగా పగిలిన గుడ్డును చూసి, డబ్బాలో పెట్టి సీలు వేశాను. సన్యాసమ్మ పక్కనే నిలబడి చూసింది.

"దీన్ని ఏటి సేస్తారు బాబూ?"

"దాచిపెడతారు."

"కుళ్లిపోదా?"

"సీలు వేశాం కదా" అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ఆ మరుసటి వారం నుంచి వచ్చిన గుడ్లను, డబ్బా సీలు తియ్యకుండానే, నేను రాసిపెట్టిన నమూనా వివరాలతో సరిచూస్తే నూటికి నూరూ సరిపోయాయి. ఒక్క తిరస్కారం లేదు. గంగాడపేట డివిజన్ గుడ్ల నాణ్యతలో ప్రథమస్థానం సాధించినట్టు పైనుంచి అభినందన వచ్చింది. విరూపాక్షరావు గారు ఆఫీసు గుమ్మానికి అరటిబోదెలు కట్టించారు. సాయంత్రం సన్యాసమ్మ ఫోన్.

"గుడ్లన్నీ పాసయిపోనాయంట కదా బాబూ."

"అవును సన్యాసమ్మా."

"పిల్లలు రావడం మానేస్తన్నారు. అవతల కొండోళ్లు ఒకరూ రానేదు ఈ వారం. గుడ్డు నేందానికి అంత దూరం ఎందుకు నడుస్తారు సెప్పండి? మీకు కోపం వొచ్చినా సరే, నాను సెప్తాను. మీ నమూనా మాకొద్దు. మాకు గుడ్డు కావాల."

కోపం రాలేదు. సిగ్గేసింది. అరటిబోదెల మధ్యనుంచి నడిచి సరాసరి సంఘం గదిలోకి వెళ్లాను. లోపల కమాన్ కోసం మూడోసారి ప్రకటన ఇచ్చే విషయం చర్చిస్తున్నారు. "నిర్దిష్ట స్థానమున సక్రమముగా విరిగిన" అనాలా, "సక్రమముగా విరువబడిన" అనాలా అని అధ్యక్షులకూ సభ్యుడికీ మాట తెగడం లేదు.

"సార్" అన్నాను. ఒళ్లు మండిపోతోంది. "ఎన్ని ప్రకటనలిచ్చినా ఒకటే. ఈ నమూనాతో అన్ని విధాలా సరిపోయే వస్తువు ప్రపంచం మొత్తమ్మీద ఒక్కటే ఉంది. ఆ నమూనాయే. దాన్నే కొనుక్కోండి."

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. విరూపాక్షరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ కోణమున ఇంతవరకు ఎవ్వరును ఆలోచించియుండలేదు" అన్నారు.

అప్పటికప్పుడే నమూనాను నమూనాతో సరిచూశారు. సాంకేతిక సభ్యుడు ముందు కుడివైపు నుంచి కొలిచారు, తరవాత ఎడమవైపు నుంచి కొలిచారు. రూపం సరిపోయింది. రంగు సరిపోయింది. ముక్కల సంఖ్య సరిపోయింది. విరిగిన చోటులో వెంట్రుకవాసి తేడా లేదు. "అద్భుతము" అన్నారు సాంకేతిక సభ్యుడు. కొనవలసిన అవసరం కూడా లేకుండా మన దగ్గరే ఉందని తెలిసి మరీ సంతోషించారు. ఆమోదపత్రం మీద ముద్ర పడింది.

"దీనిని తక్షణమే బండికి చేర్చవలెను" అన్నారు అధ్యక్షులు. "అయితే సీళ్లు ఏ పరిస్థితిలోను చెదరరాదు."

"బండి కింద బిగిస్తే వేడికి లక్క కరుగుతుంది సార్" అన్నాను.

"కనుక బిగించరాదు. సరుకు పెట్టు చోట, సీళ్లు పైకి కనబడునట్లు కట్టవలెను. దాని ఉనికి ప్రధానము."

నేను లేవబోతుంటే ఆయనకు ఇంకోటి గుర్తొచ్చింది. "తిరస్కృత వస్తువులు ఇంకను స్టోరులోనే యున్నవా? తిరస్కృత వస్తువు కార్యాలయ ఆవరణలో నుండుట నియమవిరుద్ధము. సంస్థ బండిలోనే వెంటనే సరఫరాదారునకు తిరిగి పంపవలెను. నేటి సాయంత్రములోగా."

"చిత్తం సార్" అన్నాను.

బయట పైడిరాజు బండికి ఆనుకుని నిలబడ్డాడు. జరిగింది చెప్పాను. సీలు వేసిన కమాన్ బండి వెనక పెట్టి కట్టాలి. ఎర్రగుర్తు వేసిన జత ఇదే బండిలో ఆటోనగర్‌కు తిరిగి పంపాలి. గుడ్ల రోజున చీడివలసకు గుడ్లు కూడా వెయ్యాలి.

పైడిరాజు సీలు కమాన్ వెనక కట్టి, అటు చూశాడు. తిరిగొచ్చిన గుడ్ల అట్టలు, వాటి మధ్య తెల్లబట్టలో హుందాగా ఆమోదిత కమాన్. తరవాత స్టోరు మూలనున్న జత వైపు చూశాడు. తరవాత నా వైపు.

"ఎనకాల కాళీ నేదు సార్. ఈటిని ఎక్కడ ఎడతాను?"

"నీ ఇష్టం పైడిరాజూ. బండిలో వెళ్లాలి, అంతే."

"బండి కింద కట్టీసుకుంటే?"

"గట్టిగా కట్టు" అన్నాను. "దారిలో పడిపోతే నా మెడకి చుట్టుకుంటుంది."

"పడవు సార్. బోల్టులేసి కట్టీస్తాను." కమాన్ విరిగాక పైడిరాజు నవ్వడం అదే మొదటిసారి.

వీధి చివర మెకానిక్ షెడ్డులో ఆ సాయంత్రమే చెక్కదిమ్మ తీసి అవతల పారేశారు. తిరస్కృత వస్తువులు రెండూ బండి కింద, చక్రాలకు పైన, కట్టవలసిన చోట కట్టవలసిన పద్ధతిలో భద్రంగా కట్టబడ్డాయి. "తిరస్కృత వస్తువులు సంస్థ బండిలో తిరుగు ప్రయాణమున నున్నవి" అని నేను రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఇవాళ్టికీ అవి తిరుగు ప్రయాణంలోనే ఉన్నాయి. ఆటోనగర్ కాస్త దూరం.

మరుసటి గుడ్ల రోజున విరూపాక్షరావు గారు తానే బయల్దేరారు. ఆమోదిత కమాన్ పనితీరును స్వయంగా చూడాలట. ముందు పైడిరాజు పక్కన ఆయన, వెనక గుడ్ల అట్టలు పట్టుకుని నేను, నా పక్కన బంతిపూల దండ వేసిన సీలు కమాన్. దండ పైడిరాజు వేశాడు. ఎందుకైనా మంచిదన్నాడు.

ఘాటీ మొదలైంది. మొదటి గొయ్యి వచ్చింది. కళ్లు మూసుకున్నాను. బండి ఒక్కసారి కిందికి వంగి, మెత్తగా పైకి లేచింది. అట్టలు కదల్లేదు. బాజీ గారి చేతిని ముద్దుపెట్టుకోవాలనిపించింది. కమాన్ విరిగిన మలుపు దగ్గర అయితే విరూపాక్షరావు గారు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి కేకేశారు.

"చూచితిరా దాలినాయుడు గారూ? నాణ్యత! ప్రయాణము పరుపు మీద పవళించినట్లున్నది."

"అంతా నమూనా మహిమ సార్" అన్నాను, ఆ దండ వేసిన కట్ట మీద చెయ్యి వేసి.

పైడిరాజుకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

చీడివలస బడి ముందు బండి ఆగేసరికి పిల్లలు వసారాలో చేరి ఉన్నారు. ఘాటీ దిగువనుంచి పైడిరాజు హారన్ కొట్టుకుంటూనే వచ్చాడు. అవతల కొండ పిల్లలు కూడా కొందరు పరిగెత్తుకొచ్చారు. అట్టలు దించాం. సన్యాసమ్మ మొదటి అట్ట తెరిచింది. ఒక గుడ్డు తీసి ఎండకు పెట్టి చూసింది, చెంపకు ఆనించుకుంది. రెండో అట్ట తెరిచింది. అన్నీ గుడ్లే. ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు తల తిప్పుకున్నాను.

విరూపాక్షరావు గారు వసారాలో బల్ల వేయించుకుని టిఫిన్ డబ్బా బయటకు తీశారు. కమాన్ గొడవలో పడి దీని సంగతే మర్చిపోయాను.

"అయ్యగారు ఎండన పడొచ్చినారు" అంది సన్యాసమ్మ నా మొహం చూసి. "ముందు మజ్జిగ తాగండి. గుడ్లు ఉడికినాక సూడొచ్చు. పచ్చి గుడ్డుకి నాణ్యత ఎలగ తెలుస్తాది?"

ఆ మాట ఆయనకు సబబుగా తోచింది. మజ్జిగ తాగారు. ఆయన కాస్త చల్లబడేలోగా లోపల గుడ్లు ఉడికాయి. పిల్లలు పళ్లేలు పెట్టుకుని బారుగా కూర్చున్నారు. ఒక్కొక్క పళ్లెంలో ఒక్కొక్క గుడ్డు, వేడివేడిగా. ఎవరూ ముట్టుకోలేదు. అధికారి గారు చూసేదాకా ఆగమని మేష్టారు చెప్పారు. పిల్లలు గుడ్డునే చూస్తున్నారు.

విరూపాక్షరావు గారు డబ్బా సీలు పగలగొట్టి మూత తీశారు.

వసారా చివర కట్టేసి ఉన్న మేక తాడు తెంపుకుని పారిపోయింది. మేష్టారు గోడ పట్టుకున్నారు. విరూపాక్షరావు గారు మాత్రం చలించలేదు. జేబురుమాలు ముక్కుకు అడ్డుపెట్టుకుని, భూతద్దంతో ఒకసారి డబ్బాలోకి, ఒకసారి ముందు పెట్టిన గుడ్డు వైపు చూశారు.

"వాసన విషయమున మినహాయింపు ఇచ్చుచున్నాను" అన్నారు రుమాలు వెనకనుంచి. "కాని దాలినాయుడు గారూ, ఇదేమి? నమూనా పెంకునకు పగులు ఉన్నది. ఈ గుడ్డునకు లేదు. ఆ గుడ్డునకును లేదు. మొత్తము సరుకు ప్రమాణవిరుద్ధము. తిరస్కరించవలసి యుండును."

పిల్లలకు ఆ భాష అర్థం కాలేదు గాని, ఆయన మొహం అర్థమైంది. ముందు వరసలోని ఒక పిల్ల పళ్లేన్ని మెల్లిగా తన వైపు లాక్కుంది. కింద బండి దగ్గర పైడిరాజు టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

సన్యాసమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన ముందున్న గుడ్డు తీసుకుంది. పళ్లెం అంచుకు ఒక్కసారి టక్‌మని కొట్టి, అరచేతి కింద ఇటూ అటూ దొర్లించి, మళ్లీ ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడు సూడండి బాబూ."

విరూపాక్షరావు గారు భూతద్దం దగ్గరగా పెట్టారు. డబ్బాలోకి చూశారు. గుడ్డును చూశారు. మళ్లీ డబ్బాలోకి చూశారు.

"సరిపోయినది" అన్నారు. "కాని ఇది ఒక్కటే. మిగిలినవి?"

సన్యాసమ్మ పిల్లల వైపు తిరిగింది. "ఇన్నారేట్రా? అయ్యగారు పగలగొట్టమంతన్నారు."

టక్. ఎక్కడో ఒక పళ్లెం మీద మొదలైంది. టక్, టక్. వసారా ఈ కొసనుంచి ఆ కొసదాకా వడగళ్లు పడ్డట్టు మోగింది. విరూపాక్షరావు గారు లేచి, "ప్రతి గుడ్డును విడివిడిగా సరిచూడవలసి యుండును, కొంత తడవు ఆగుడు" అంటూ భూతద్దంతో మొదటి పళ్లెం దగ్గరికి వెళ్లేసరికి అందులో గుడ్డు లేదు. రెండో పళ్లెంలోనూ లేదు. మూడో పిల్ల బుగ్గలో ఉంది.

ఆయన వసారా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చారు. "పరిశీలనకు ఏమియు లభింపలేదు" అన్నారు దిగులుగా.

"పెంకులున్నాయి సార్" అన్నాను.

అవి పట్టి పట్టి చూశారు. అన్నీ పగిలే ఉన్నాయి. ఆమోదిస్తూ సంతకం పెట్టారు.

పెంకులు సంచీలో వేసుకుని వచ్చాను. ఆ రాత్రి బాజీ గారికి ఫోన్ చేసి బిల్లు పంపమన్నాను.

"తిన్నారా?" అన్నారు.

"తిన్నారు" అన్నాను.